కంప్యుటేషనల్ న్యూరోసైన్స్: పీహెచ్‌డీ శిక్షణ చరిత్ర

మెదడును అర్థం చేసుకోవడానికి జీవశాస్త్రం ఒక్కటే చాలదు, భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ కూడా చేతిలో ఉండాలన్న ఆలోచనతో ఏర్పడ్డ పరిశోధక విద్య ఇది. దీనికంటూ విడిగా పీహెచ్‌డీ కార్యక్రమాలు 1980లలో రూపుదిద్దుకున్నాయి. అంతకుముందు ఇలాంటి పరిశోధకులు లేరని కాదు. వాళ్లకు బడి లేదు, అంతే.

ఆండ్రూ హక్స్‌లీనే తీసుకుంటే, ఆయన కేంబ్రిడ్జ్‌లో చేరింది భౌతికశాస్త్రం మీద మనసుతో. అదనంగా తీసుకున్న ఫిజియాలజీ ఆయన్ను తనవైపు లాగేసుకుంది. స్క్విడ్ అనే సముద్రజీవిలో సుమారు అర మిల్లీమీటరు మందం ఉండే నరపు తంతువు ఉంటుంది. దాంట్లోకి సన్నని తీగ దూర్చి లోపలి విద్యుత్తును కొలవచ్చు. అలన్ హాడ్జ్‌కిన్‌తో కలిసి ఆయన ఆ కొలతలను 1952లో కొన్ని సమీకరణాల్లో ఇమిడ్చారు. తీరా లెక్క తేల్చే వేళకు కేంబ్రిడ్జ్ కంప్యూటర్ మార్పులు చేర్పుల కోసం ఆగిపోయి ఉంది. చేసేది లేక, చేత్తో తిప్పే బ్రన్స్‌విగా యంత్రం ముందు కూర్చుని హక్స్‌లీయే ఆ లెక్కలు కట్టారు. 1963లో ఇద్దరికీ నోబెల్ దక్కింది. అమెరికాలో విల్‌ఫ్రిడ్ రాల్‌దీ ఇలాంటి దారే. మన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేసిన ఈ భౌతికశాస్త్రవేత్త తర్వాత నాడీకణాల శాఖలకు కేబుళ్ల గణితాన్ని వర్తింపజేశారు. వీళ్లంతా ఎవరి దారి వాళ్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లే.

దారిని రోడ్డుగా మార్చిన ఘనతలో పెద్ద వాటా కాలిఫోర్నియాలోని కాల్టెక్‌ది. 1980లో అక్కడికి వచ్చిన భౌతికశాస్త్రవేత్త జాన్ హాప్‌ఫీల్డ్, 1982లో జ్ఞాపకశక్తికి ఒక నెట్‌వర్క్ నమూనాను ప్రతిపాదించారు. ఆ రోజుల్లోనే ఆయన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, చిప్‌ల రూపకర్త కార్వర్ మీడ్‌లతో కలిసి గణనకూ భౌతికశాస్త్రానికీ ఉన్న సంబంధంపై ఒక కోర్సు నడిపారు. ముగ్గురు ఉద్దండులు ఒకే తరగతిని ఎన్నాళ్లు పంచుకోగలరు? అది చివరికి మూడు వేర్వేరు కోర్సులైంది. కానీ ఆ కలయికలోంచే 1986లో ‘కంప్యుటేషన్ అండ్ న్యూరల్ సిస్టమ్స్’ అనే పీహెచ్‌డీ కార్యక్రమం పుట్టింది.

ఆ చదువు ఎలాంటి పరిశోధకుల్ని తయారుచేసిందో చెప్పడానికి మిషా మహోవాల్డ్ ఒక్కరు చాలు. డిగ్రీలో ఆమె చదివింది జీవశాస్త్రం. మీడ్ ల్యాబ్‌లో చేరి కంటి రెటీనాను సిలికాన్‌లో కట్టారు. ట్రాన్సిస్టర్‌ను చాలా తక్కువ వోల్టేజీ దగ్గర నడిపితే దానిలో కరెంటు పెరిగే తీరు, నాడీకణం పొరలోని అయాన్ ద్వారాల తీరును పోలి ఉంటుందని మీడ్ గమనించారు. మహోవాల్డ్ చిప్‌లో ప్రతి బిందువూ చుట్టుపక్కల వెలుగు సగటుతో తనను పోల్చుకుని, తేడాను మాత్రమే బయటికి పంపుతుంది. రెటీనా చేసే పనుల్లో ముఖ్యమైనది సరిగ్గా ఇదే. 1991లో ఈ పని సైంటిఫిక్ అమెరికన్ పత్రికకెక్కింది. మరుసటి ఏడాది ఆమెకు పీహెచ్‌డీ వచ్చింది.

పూర్తి పీహెచ్‌డీ చేయలేని వాళ్లకు వేసవి బళ్లు వచ్చాయి. కాల్టెక్ అధ్యాపకులు క్రిస్టాఫ్ కాఖ్, జేమ్స్ బోవర్ 1988లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో ఒకటి మొదలుపెట్టారు.

డబ్బు 1994లో అందింది. అమెరికాలోని స్లోన్ ఫౌండేషన్, బ్రాండైస్, కాల్టెక్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం, సాల్క్ ఇన్‌స్టిట్యూట్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో ఐదు కేంద్రాలకు నిధులిచ్చింది. భౌతిక, గణిత శాస్త్రాలు చదివినవాళ్లను ప్రయోగాలు జరిగే ల్యాబ్‌లలోనే కూర్చోబెట్టాలన్నది వాటి ఉద్దేశం. నిజంగా పనిచేసిన సూత్రం అదే. బ్రాండైస్‌లో అందుకు దాఖలా అప్పటికే ఉంది. కణ భౌతికశాస్త్రం వదిలి వచ్చిన లారీ అబాట్, పీతల జీర్ణకోశాన్ని నడిపే ముప్పై దాకా నాడీకణాలను పరిశీలించే ఈవ్ మార్డర్ ల్యాబ్‌తో చేతులు కలిపారు. 1993లో ఆ బృందం ‘డైనమిక్ క్లాంప్’ను ప్రకటించింది. బతికున్న కణం వోల్టేజీని కంప్యూటర్ చదువుతుంది, లేని అయాన్ ద్వారం ఉంటే ఎంత కరెంటు పారేదో అప్పటికప్పుడు లెక్కకట్టి కణంలోకి పంపుతుంది. కణం ఆ ద్వారం తనకు ఉన్నట్టే నడుచుకుంటుంది. సిద్ధాంతమూ ప్రయోగమూ వేర్వేరు భవనాల్లో ఉంటే ఇలాంటి పని పుట్టడం కష్టం.

తర్వాత విస్తరణ వేగంగా సాగింది. లండన్‌లో జెఫ్రీ హింటన్ తొలి డైరెక్టర్‌గా గాట్స్‌బీ పరిశోధన యూనిట్ 1998లో మొదలైంది. 2001లో పీటర్ డయాన్, అబాట్ రాసిన ‘థియరెటికల్ న్యూరోసైన్స్’ ఈ రంగానికి ఉమ్మడి పాఠ్యపుస్తకం అయింది. జర్మనీ 2004లో ఇదే రంగం కోసం బెర్న్‌స్టైన్ కేంద్రాలను నెలకొల్పింది. 2024లో హాప్‌ఫీల్డ్, హింటన్ భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

భారతదేశానికి కాల్టెక్ వారసత్వం నేరుగానే వచ్చింది. అక్కడ బోవర్ దగ్గర వాసన గ్రహించే నాడీకణాల నమూనాలు కట్టిన ఉపిందర్ భల్లా బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో స్థిరపడ్డారు. ఐఐటీ మద్రాసులో వి. శ్రీనివాస చక్రవర్తి మెదడు నమూనాలపై పరిశోధన చేస్తూనే తెలుగులో సైన్సు రాస్తున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాలకు ఒక కేంద్రం ఉంది.

ఇంత చరిత్రలోనూ ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాకపోకలు ఎక్కువగా ఒకవైపే సాగాయి. లెక్కలు వచ్చినవాళ్లు మెదడు దగ్గరకు వచ్చారు గానీ, జీవశాస్త్రం చదివినవాళ్లు లెక్కల్లోకి వెళ్లడం తక్కువ. మహోవాల్డ్ లాంటివాళ్లు అరుదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ విభజన పీహెచ్‌డీ దాకా ఆగదు. ఎంపీసీయా, బైపీసీయా అన్న నిర్ణయం పదో తరగతి ఫలితాల వెంటే జరిగిపోతుంది. మెదడు మీద ఆసక్తితో బైపీసీ తీసుకునే విద్యార్థి అప్పటితో గణితానికి స్వస్తి చెప్పకపోవడం మేలు. కనీసం కలనగణితం, ప్రాబబిలిటీ, ఒక ప్రోగ్రామింగ్ భాష సొంతంగానైనా నేర్చుకుంటే ఈ చదువుల తలుపు తెరిచే ఉంటుంది.