ముర్రుపాల నుంచి డబ్బాపాల దాకా

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు ప్రపంచ తల్లిపాల వారోత్సవాలు. మరో రెండు రోజులకే మన ఆదివాసీ దినోత్సవం. ఆ వారమంతా వినిపించే మాట ఒకటే: ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే ఇవ్వండి. మాట మంచిదే. కానీ అది ఎప్పుడూ తల్లితోనే చెబుతారు. ఇవ్వగలదా లేదా అన్నది తల్లి ఒక్కతే తేల్చే విషయం కాదని చరిత్ర చెబుతోంది. రేపు తల్లులూ తండ్రులూ అయ్యేది మీరే కనుక ఈ సంచికలో దాని గురించి రాస్తున్నాను.

1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిపిల్లల ఆహారం తయారుచేశాడు. తల్లిపాలు అందని బిడ్డలకు అది ఆసరా. తర్వాత తర్వాత పాలు ఉన్న తల్లులకూ డబ్బాలు అమ్మడం మొదలైంది. 1939లో సింగపూర్‌లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ, అబద్ధపు ప్రచారం వల్ల పోతున్న పసిప్రాణాలను హత్యలుగానే చూడాలని సభలో నిలబడి చెప్పింది. నర్సుల్లా తెల్లబట్టలు వేసుకున్న అమ్మకందార్లు బాలింతల దగ్గరికి వెళ్లే కాలం అది.

ఆ వ్యాపారంలో కిటుకు చాలా చిన్నది. కాన్పు కాగానే ఒక డబ్బా ఉచితంగా ఇస్తారు. బిడ్డ చీకే కొద్దీ పాలు ఊరతాయి, చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. ఉచిత డబ్బా అయిపోయేసరికి తల్లికి పాలు తగ్గిపోతాయి, ఇక కొనక తప్పదు. ధర భరించలేక పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు. 1974లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక చిన్న పుస్తకం ఈ సంగతిని బయటపెట్టింది. 1977లో అమెరికాలో ప్రజలు నెస్లే సరుకుల బహిష్కరణకు దిగారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల ప్రచారానికి కట్టడి పెట్టింది. 118 దేశాలు ఒప్పుకున్నాయి, కాదన్నది అమెరికా ఒక్కటే. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. దాని ప్రకారం డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ కూడా వేయకూడదు. దుకాణంలో ఒకసారి తిప్పి చూడండి.

తప్పంతా కంపెనీలదే అనలేం. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసే అలవాటు గూడేల్లోనూ ఉంది, పట్నాల్లోనూ ఉంది. ఆవు ఈనితే ఆ పాలతో జున్ను వండుకుని పంచుకు తింటాం, బిడ్డకు రావలసినవి మాత్రం నేలపాలు చేస్తాం! పుట్టగానే తేనె నాకించడం, ఎండాకాలం నీళ్లు తాగించడం కూడా ప్రేమతో చేసేవే. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. ఆరు నెలలూ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2001లో. అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలు అనేవారు. కాబట్టి నానమ్మ మాట వేరుగా ఉంటే ఆమెతో గొడవపడకండి, ఆమె విన్నది ఆనాటి సలహా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవారు 2005-06లో నూటికి 46 మంది, 2019-21లో 64 మంది. పెరిగింది, సంతోషమే. మిగిలిన 36 మంది తల్లులూ తెలియకే ఇవ్వడం లేదని నేననుకోను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది, 2017లో అది 26 వారాలు అయింది. అంటే సరిగ్గా ఆరు నెలలు. అది జీతం ఉన్న ఉద్యోగికి. తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి వెళ్లే బాలింతకు సెలవు ఎవరిస్తారు? పోడు కలుపుకు సెలవు ఉంటుందా? బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆ అవ్వ ఏం తాగించాలి?

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో మాత్రం దీనికి ఒక దారి రాశారు. పనిచోటుకు చిన్న పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి కట్టాలన్నారు. అప్పుడు తల్లి బిడ్డను వెంట తెచ్చుకుని మధ్యలో పాలిచ్చుకోవచ్చు. ఈ వేసవిలో మీ ఊరి పనిచోట ఆ ఏర్పాటు ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రామసభలో అడగండి, అడిగేది అబ్బాయిలైతే ఇంకా బాగుంటుంది.