ఆరుబయటి ఏసీ యూనిట్లకు తాళపు మూతలు: అమెరికా భవన నియమావళిలోని నిబంధన

ఇంటి వెలుపల అమర్చిన ఎయిర్ కండిషనర్ యూనిట్లలో రిఫ్రిజిరెంట్ గ్యాస్ నింపే పోర్టులకు తాళంతో కూడిన మూతలను విధిగా బిగించాలని అమెరికాలోని నమూనా భవన నియమావళి 2009 సంచిక నుండి నిర్దేశిస్తున్నది. బొటనవ్రేలంత పరిమాణం గల లోహపు మూతకు సంబంధించిన ఈ నిబంధన ప్రధానంగా యంత్ర రక్షణను ఉద్దేశించినది కాదు. ఈ గ్యాస్‌ను మత్తు కొరకు పీల్చి కౌమార వయస్కులు మరణించిన సంఘటనలు దీనికి నేపథ్యం. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇటువంటి మూతల కొరకు అక్కడ ప్రచారం సాగించారు.

నివాస గృహాలకు వర్తించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో 2009 నాటి ఎం 1411.6 సెక్షన్, ఇతర భవనాలకు వర్తించే ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్‌లో 1101.10 సెక్షన్ ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో పేర్కొన్నాయి. ఆరుబయట ఉన్న రిఫ్రిజిరెంట్ పోర్టులకు ఇతరులు విప్పజాలని తాళపు మూతలు ఉండాలన్నదే దాని సారాంశం. తరువాతి సంచికలలో, అనధికార వ్యక్తులు చేరకుండా మరేదైనా విధంగా భద్రపరచినా చాలునన్న ప్రత్యామ్నాయాన్ని చేర్చారు. యూనిఫాం మెకానికల్ కోడ్ అనే మరొక నియమావళి, గోడ లేదా కంచె లోపల ఉండి తాళంచెవి లేనిదే ప్రవేశం లేని చోట్లకు మినహాయింపునిచ్చింది. ఈ సడలింపులు సహేతుకమైనవే అయినా, ఏది తగిన భద్రత అన్న నిర్ణయం మాత్రం స్థానిక ఇన్‌స్పెక్టర్ విచక్షణపై ఆధారపడుతున్నది.

పోర్టు లోపల ఉండేది ష్రేడర్ వాల్వ్. అగస్ట్ ష్రేడర్ పేరిట 1893లో పేటెంటు పొందిన ఈ వాల్వ్ రకమే కార్ల టైర్లలోనూ కనిపిస్తుంది. మెకానిక్ గేజి తగిలించి పీడనం చూచుటకు, గ్యాస్ నింపుటకు ఇది అవసరం. సాధారణ మూత దుమ్మును, స్వల్ప లీకేజీని ఆపగలదు గాని చేతితో తిప్పితే ఊడివస్తుంది. తాళపు మూతను విప్పాలంటే ప్రత్యేకమైన కీ కావలెను. ఏ యూనిట్‌లో ఏ గ్యాస్ ఉన్నదో తెలియుటకు ఆర్-22కు ఆకుపచ్చ, ఆర్-410ఎకు గులాబీ రంగు మూతలు వాడుకలో ఉన్నాయి.

ఈ వాయువుల ప్రమాదం రెండు విధాలు. ఆర్-22 మైనస్ 40.8 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆర్-410ఎ సుమారు మైనస్ 51 డిగ్రీల వద్ద మరుగుతాయి కనుక, ఒక్కసారిగా వెలువడిన గ్యాస్ నోటిని, గొంతును గడ్డకట్టించి గాయపరచగలదు. అంతకంటె ఘోరమైనది గుండెపై ప్రభావం. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమించడమే గాక, ఇవి గుండె కండరాన్ని అడ్రినలిన్‌కు అతిగా స్పందించేటట్లు చేస్తాయి. ఆ స్థితిలో భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి నిమిషాలలో ప్రాణం పోవచ్చు. వివిధ ద్రావకాలను, ఏరోసాల్ వాయువులను పీల్చి ఈ విధంగా ఆకస్మికంగా మరణించిన 110 మంది యువకుల వివరాలను మిల్లార్డ్ బాస్ 1970లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. మొదటిసారి పీల్చినవారు సైతం మరణించవచ్చునన్నది ఇక్కడ కీలకం. అలవాటు ముదిరిన పిమ్మట చికిత్స చేయించే అవకాశం ఉండకపోవచ్చు కనుకనే, గ్యాస్ అందకుండా అడ్డుకొనే మూతకు ఇంత ప్రాధాన్యం లభించింది. గ్యాస్ పీలుస్తూ కనిపించిన పిల్లలను అదలించరాదని, వెంటాడరాదని, నెమ్మదిగా మంచి గాలిలోనికి తీసుకురావాలని చెప్పే సలహాకు కూడా కారణం ఇదే.

ఇక అమలు విషయానికి వస్తే, ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ మూడేళ్లకొకసారి వెలువరించే ఈ నియమావళి తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రమో, కౌంటీయో, నగరమో స్వీకరించినప్పుడే, అదీ అవి చేసిన సవరణలతోనే వర్తిస్తుంది. కావున ‘అమెరికా అంతటా తప్పనిసరి’ అని వ్రాయడం సరికాదు. స్వీకరించిన చోట్ల కూడా సాధారణంగా కొత్త నిర్మాణాలు, పర్మిట్‌తో మార్చిన యూనిట్లు మాత్రమే తనిఖీకి వస్తాయి. పాత యూనిట్లు పాత మూతలతోనే ఉండిపోవడం ఈ నిబంధనలోని పెద్ద లోటు. మూత ఖరీదు కొద్ది డాలర్లే కనుక ఇంటి యజమాని స్వయంగా పూనుకొంటే ఇది తీరని లోటేమీ కాదు. తాళంచెవులు ఆన్‌లైన్‌లో దొరకడం, సర్వీసు అనంతరం మెకానిక్ మూత బిగించడం మరచిపోవడం మిగిలిన బలహీనతలు.

పర్యావరణ చట్టం దీనికి తోడు నిలుస్తున్నది. ఓజోన్ పొరను హరించే రిఫ్రిజిరెంట్లను తెలిసి గాలిలోనికి వదలడాన్ని అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం 1992 జూలై 1 నుండి, వాటి ప్రత్యామ్నాయాలను వదలడాన్ని 1995 నవంబరు 15 నుండి నిషేధించింది. ఆర్-22 కొత్త ఉత్పత్తి, దిగుమతులు అక్కడ 2020తో ముగిశాయి.

తెలుగు రాష్ట్రాలలో విరివిగా వాడే స్ప్లిట్ ఏసీల ఔట్‌డోర్ యూనిట్‌లోనూ లావు పైపు వాల్వు ప్రక్కన ఇటువంటి పోర్టే ఉంటుంది. దానిపై సాధారణంగా ఉండేది స్పానర్‌తో విప్పదగిన ఇత్తడి మూత. ఇటీవలి యూనిట్లలో వాడుతున్న ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉన్నది. ఆర్-290 అయితే ప్రొపేనే కనుక తేలికగా అంటుకొంటుంది. బాల్కనీలలో, సజ్జలపై చేతికందే ఎత్తున బిగించిన యూనిట్ల విషయంలో పీల్చడం వలన కలిగే ప్రమాదానికి నిప్పు ప్రమాదం కూడా తోడవుతున్నది.