ఏటికి అడ్డముగా సుంకము

పిడుగురాళ్ల నుండి హైదరాబాదు దిక్కుగా సాగిన బాట దాచేపల్లి మీదుగా పొందుగల చేరి, అచట కృష్ణను దాటును. ఆవలి గట్టున వాడపల్లి. మూసీనది వచ్చి కృష్ణలో కలియు చోటు. ఈ గట్టున పండు పత్తియు మిరపయు ఆ గట్టునను పండును. ఇచటి సున్నపురాయియే అచటను దొరకును. మాట ఒక్కటే, చుట్టరికములును కలసియున్నవి. అయినను పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము నుండి 1948 వరకు ఈ ఏరు రెండు రాజ్యముల నడుమ ఎల్లగా నుండెను. ఈవల కంపెనీవారి, తరువాత దొరతనమువారి చెన్నపట్టణ రాజధాని. ఆవల నిజాము రాజ్యము. గట్టు మారిన సరకు సుంకము చెల్లింపక తప్పదు.

ఇరుగుపొరుగు చిన్న రాజ్యముల నడుమ వర్తకము స్వేచ్ఛగా సాగవలెనన్న మాట నేడు అంతర్జాతీయ సభలలో తరచుగా వినబడుచున్నది. మన ప్రాంతమునకు అది క్రొత్త గాదు. సుంకము తగ్గుట మేలని ఒప్పుకొననివారు అరుదు. తగ్గిన సుంకమువలన బొక్కసమున ఏర్పడు లోటును ఎవరు పూడ్చవలెనన్నప్పుడే చిక్కు వచ్చును. కృష్ణ రెండు గట్ల చరిత్రను పరిశీలించినపుడు మాకు పదే పదే ఎదురైనది ఈ చిక్కే.

మొదట పల్నాటిని విడిచి సముద్రతీరమునకు పోవుదము. నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు దక్షిణముగా మోటుపల్లి యున్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున అచట నొక అభయశాసనమును వేయించెను. గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డునబడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను పూర్వపు రాజులు బలిమిని గైకొనుచుండిరట. ఇకమీదట అట్లు జరుగదనియు, నిర్ణీతమైన సుంకము మాత్రమే గ్రహింతుమనియు ఆయన దేశదేశముల వర్తకులకు మాట యిచ్చెను. ముప్పదింట నొకటి ఆ సుంకము. ఇది దయాధర్మమని శాసనము చెప్పుచున్నది. మేము అందు లెక్కయు కలదనుకొందుము. దోచుకొన్న ఓడ మరల రాదు, సుంకము చెల్లించిన ఓడ ఏటేట వచ్చును.

1323లో కాకతీయ సామ్రాజ్యము కూలిన పిదప తెలుగునేల చిన్న రాజ్యములుగా చీలినది. కృష్ణకు దక్షిణమున రెడ్లు, ఉత్తరమున రాచకొండ, దేవరకొండ వెలమలు. వీరి నడుమ యుద్ధములకు కొదువ లేదు. అట్టి కాలముననే, 1358లో, అనపోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల అభయమిచ్చెను. వచ్చి నిలిచినవారికి నేల యిత్తుమనెను, పోవలెనన్నవారిని ఆపమనెను, సరకును తమకు నచ్చినవారికి అమ్ముకొనుడనెను, బంగారముపై సుంకమును తీసివేసెను. సేనలను పోషింపవలసిన రాజే కొంత రాబడి విడిచిపెట్టుట గమనింపదగినది.

ఓడరేవున సుంకము ఒక్కచోట కట్టిన తీరిపోవును. మెట్టదారిని పోవువానికి ఆ సుఖము లేదు. తీరమునందలి ఉప్పును లంబాడీలు ఎద్దులమీద పెఱికలు వేసికొని దక్కను పీఠభూమికి చేర్చుచుండిరి. తిరుగు పయనమున అచటి పత్తిని తెచ్చి తీరపు సాలెవారికి అమ్ముచుండిరి. ఈ దారి పొడవున కోట కోటకును, జాగీరు జాగీరునకును రహదారి సుంకము. పదిమంది చేతులు తడుపవలసిన ఉప్పు వెల పుట్టినచోట నెంత, వండినచోట నెంత! ఆ భారమంతయు కడపట ఉప్పు కొనువానిదే.

ఈ గందరగోళమును సర్దుటకు 1802లో కంపెనీవారును నిజామును వర్తకపు ఒడంబడిక చేసికొనిరి. సరకుపై నూటికి 5 వంతున సుంకము. ఒకసారి చెల్లించిన సరకునకు మరల సుంకము లేదు. దారిపొడవు సుంకములు రద్దు. సముద్రము లేని నిజామునకు మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కు కూడ లభించెను. కాగితముమీద ఇంతకన్న చక్కని ఒప్పందము లేదు. కాని ఒప్పందము చేసికొన్న యిద్దరు సమానులు గారు. ఒకరి సేన రెండవవారి రాజధాని చెంత విడిసియుండెను. పైగా జాగీరుదారులు తమ రాబడిని ఊరక వదలుకొందురా? పాత సుంకములు పేరు మార్చుకొని చాలకాలము సాగినవి. సాలార్ జంగు 1853లో దివాను అయిన తరువాతనే లోపలి సుంకములు ఒక త్రోవకు వచ్చినవి. ఈవలి గట్టున, చెన్నపట్టణ రాజధానిలో, దారిసుంకములు 1844లో రద్దయినవి.

అంతట చిక్కు లన్నియు ఏటి గట్టునకు చేరినవి. ఆవల కరోడుగిరి శాఖవారి నాకాలు నిలిచినవి. రూపాయయు వేరు: ఈవల కల్దారు, ఆవల హాలీ. 6 కల్దారులకు 7 హాలీలు. సంతకు పోయి వచ్చు రైతు సుంకము కట్టి, వటువు కట్టి, మిగిలిన దానిలో లాభము వెదకుకొనవలెను. పెద్ద వర్తకునకు గుమాస్తా యుండును, తలమూటవానికి ఎవరుందురు?

ఆ కాలముననే జర్మనీలో ఇంకొక ప్రయోగము జరిగినది. ప్రష్యాతోపాటు పలు చిన్న రాజ్యములు 1834 జనవరి 1 నుండి తమలో తమకు సుంకములు మాని, వెలుపలి సరకుపై మాత్రము ఒక్కటే సుంకము విధించినవి. వచ్చిన సొమ్మును జనసంఖ్యనుబట్టి పంచుకొన్నవి. చిన్న రాజులు కలసివచ్చుటకు ఈ పంపకమే ముఖ్యకారణమని మా అభిప్రాయము. తమ వాటా తమకు అందుననుకొన్నచో నాకా ఎత్తివేయుట కష్టము గాదు.

మన యేటి గట్టున ఆ పని స్వాతంత్ర్యానంతరమే జరిగినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1950 నాటి రాజ్యాంగము దేశమంతట వర్తకము స్వేచ్ఛగా సాగవలెనని 301వ అధికరణమున శాసించియు, 306వ అధికరణమున అట్టి సంస్థానములకు కొంత గడువు నిచ్చినది. సుంకము ఒక్కసారిగా పోయిన హైదరాబాదు బొక్కసమునకు తట్టుకొనుట సాధ్యము గాదు. అందువలన అచట 1950లోనే అమ్మకపు పన్ను చట్టము చేసి, సుంకమును క్రమముగా తగ్గించి, ఆంధ్రప్రదేశ్ అవతరించు నాటికి తొలగించిరి. చెన్నరాష్ట్రమున మద్యనిషేధపు నష్టమును పూడ్చుటకై 1939లో పుట్టిన పన్ను, హైదరాబాదున కరోడుగిరి లోటును పూడ్చుటకు అక్కరకు వచ్చినది! 306వ అధికరణమును 1956లో తీసివేసిరి. హాలీ రూపాయయు ఆ దశకముననే వాడుక తప్పినది.

సుంకము పోయినంతమాత్రమున అందరును సంతోషింతురని అనుకొనరాదు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రములను కలిపి బియ్యమునకు దక్షిణ మండలము నేర్పరచిరి. మన డెల్టా బియ్యము అడ్డులేక కేరళకు పోయినది. అమ్మిన రైతుకు మేలు, తినిన మలయాళికి మేలు. ధర పెరుగగా మన పట్టణములలో కొనుక్కొని తినువారికి కంటగింపు. 1964లో ఆ మండలమును విడదీసి ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే మండలమనిరి. అప్పుడు బియ్యము హద్దు దాటుట నేరమైనది. లాభము నలుదిక్కుల చెదరియుండును, నష్టము ఒకచోట పేరుకొనును. అందుచే నష్టపోయినవాని గొంతే ముందుగా వినబడును. దక్షిణాసియా దేశములు 2004లో ఇస్లామాబాదున స్వేచ్ఛావర్తకపు ఒప్పందము చేసికొనియు, ప్రతి దేశము తనకు నొప్పి కలిగించు సరకుల పట్టికను వేరుగా పెట్టుకొనుటకు కారణము ఇదియే.

2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనది. పొందుగల వంతెన మరల సరిహద్దు వంతెన యైనది. 2015 ఏప్రిల్ నుండి అవతలి లారీలపై తెలంగాణ వాహనపు పన్ను విధించినది. 2017 జూలై 1న దేశమంతటికి వస్తుసేవల పన్ను వచ్చుటతో అమ్మకపు పన్నుకై నిలిపిన తనిఖీ కేంద్రములు పోయినవి. అప్పుడును రాష్ట్రములు మొదట అడిగినది పాత ప్రశ్నయే: మా రాబడి మాటేమి? ఏటికి నూటికి 14 వంతున పెరుగునని లెక్కగట్టి, తగ్గిన సొమ్మును 5 ఏండ్లపాటు పూడ్తుమని కేంద్రము చట్టము చేసిన తరువాతనే ఒప్పుదల కుదిరినది.

మద్యము, పెట్రోలు, డీజిలు మాత్రము ఆ పద్ధతిలోనికి రాలేదు. వానిపై రాబడిని ఏ రాష్ట్రమును విడువ నొల్లలేదు. పిడుగురాళ్ల బట్టీలలో కాలిన సున్నము లారీకెక్కి వంతెన దాటునపుడు సున్నమునకు రెండు గట్లను పన్ను ఒక్కటే; లారీ తొట్టిలోని డీజిలునకు ఏ గట్టు పన్ను ఆ గట్టుదే.