పొరుగురాజుల పోరు – సామాన్యుల తర్కము

తిరువళ్ళూరు జిల్లాలోని పళ్ళిపట్టు తాలూకాలో పొదటూరుపేట యను నేతపేట కలదు. తమిళనాటి ఉత్తరపుటంచున నున్న యీ పేటలో తెలుగు పరాయిభాష కాదు. దీని పరిసరములలోని తిరుత్తణి ప్రాంతము 1911 వరకు ఉత్తరార్కాటు జిల్లాలోను, పిదప చిత్తూరు జిల్లాలోను ఉండి, 1960 ఏప్రిలు 1వ తేదీన మదరాసు రాష్ట్రమున చేరినది. జిల్లాలేర్పడక పూర్వము కార్వేటినగరపు పాళెగాండ్ర యేలుబడిలో నుండెను. అంతకుముందు పల్లవులు, చోళులు, రాష్ట్రకూటులు, విజయనగర ప్రభువులు ఒకరి తరువాత నొకరు దీనిని తమదనిరి. ఎల్ల మాటిమాటికి మారుచోట పొరుగురాజుల సేనలు నడచును. ఆ దారిప్రక్క కాపురముండు జనులకు యుద్ధమును గూర్చి తర్కించుట కాలక్షేపము కాదు, అవసరము.

యుద్ధము వచ్చినపుడు రాజధానిలో పుట్టు ప్రశ్న ‘గెలుపెవరిది?’ అనునది. దారిప్రక్క పల్లెలో పుట్టు ప్రశ్నలు వేరు. గింజ యే దండు పాలగును? ఏరు దాటుటెట్లు? నూలు దొరకునా? ఇది యెన్నడు ముగియును? ముగిసిన పిదప ఏమి మిగులును? చరిత్రకారులు మొదటి ప్రశ్నకే పెద్దపీట వేసిరి. రెండవ తీరు ప్రశ్నలే యుద్ధముల అసలు ఫలితములను తెలిసికొనుటకు ఎక్కువగా తోడ్పడునని, ఈ పరిసరముల చరిత్రనుండియే కొన్ని నిదర్శనములు చూపి, ఈ వ్యాసమున నిరూపింప యత్నింతును.

సామాన్యుల మాట శాసనములకెక్కుట అరుదు. కాని అది బొత్తిగా నశింపలేదు. పుదుచ్చేరిలో డూప్లే దొరకు దుబాసిగా నుండిన ఆనందరంగపిళ్ళె 1736 మొదలు 1761లో మరణించువరకు అరవమున దినచర్య వ్రాసియుంచెను. ఈయన తెలుగు కవులకును పోషకుడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమును ఈయన పేరనే రచించెను. ఆ దినచర్యయందు దొరల మంతనములతో పాటు అంగడి వదంతులు, సరకుల సంగతులు, శకునములు, భయములు చేరియున్నవి. 1746లో ఫ్రెంచివారు మదరాసును పట్టుకొనిరి. 1748లో ఐరోపాలో జరిగిన సంధిని బట్టి 1749లో దానిని ఆంగ్లేయులకు మరల అప్పగించిరి. గెలిచిన పట్టణము గెలిచినవానికి దక్కలేదు. ఈ తీరు ఫలితము మన పరిసరములలో మరల మరల కానవచ్చును.

మొదటి నిదర్శనము తక్కోలపు యుద్ధము. తక్కోలము అరక్కోణము దాపుననున్న పాతయూరు. క్రీ. శ. 949లో చోళ పరాంతకుని కుమారుడైన రాజాదిత్యుడును, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడును ఇచ్చట తలపడిరి. రాజాదిత్యుడు హతుడయ్యెను. ఈ మాటలో భేదము లేదు. ఎట్లు హతుడయ్యెననుటలో మాత్రము భేదము కలదు. కన్నడదేశపు ఆతకూరు శాసనము, కృష్ణునికి తోడువచ్చిన గంగరాజు బూతుగుడు అంబారిమీదనే రాజాదిత్యుని పొడిచి చంపెనని చెప్పును. చోళుల లైడెను తామ్రశాసనము, రాజాదిత్యుడు కృష్ణుని కలచివేసి, తుదకు అతని బాణములకు గుండె చీలి, ఏనుగుమీదనే వీరస్వర్గమందెనని చెప్పును. ఒకే చావును ఒకరు తమ బంటుకు కీర్తిగాను, ఒకరు తమ రాజునకు కీర్తిగాను వ్రాసికొనిరి.

ఆ ఆతకూరు శిలమీదనే మరియొక సంగతి కలదు. ఆ యుద్ధమున పరాక్రమించిన మణలేరుడను బంటును ప్రభువు మెచ్చి వరమడుగుమనగా, అతడు కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కుక్క అడవిపందితో పోరి, దానిని చంపి తానును చావగా, దాని స్మరణకై శిల నిలిపించెను. చోళరాజ్యమును కుదిపిన యుద్ధపు వార్త మనకందుటకు ఒక కుక్కపై ఒక బంటునకు గల ప్రేమయు కారణమైనది. రాజు రాజ్యమును లెక్కించెను; బంటు తనకు దక్కునదానిని లెక్కించెను.

మరి పల్లెలకు ఏమి దక్కినది? గెలిచిన కృష్ణుడు తొండమండలమును ఆక్రమించి, కంచియు తంజావూరును కొన్నవాడనని బిరుదు వహించెను. 959లో ఉత్తరార్కాటు సీమయందలి మేల్పాడిలో విడిసియుండి, జయించిన నేలలను తన పరివారమునకు పంచుచుండెనని కర్హాడు తామ్రశాసనము వలన తెలియుచున్నది. ఆ కాలపు గుడి శాసనములు చూచినచో తల వాక్యమున చోళరాజు పేరునకు మారుగా కన్నరదేవుని పేరు వచ్చినది. క్రింది వాక్యములలో దీపమునకు గొఱ్ఱెలిచ్చుట, సభవారు ధర్మమును కాచుట మునుపటివలెనే సాగినవి. సుమారు రెండు దశాబ్దములకు చోళులు ఆ సీమను తిరిగి కైకొనిరి. పిదప రాజరాజు తన తాత అరింజయునికి స్మారకముగా అదే మేల్పాడిలో గుడి కట్టించెను. పేరు పోయి పేరు వచ్చినది. చెఱువు, సభ, దీపము నిలిచినవి. 949లో ఏ రైతైనను ‘రాజెవరైననేమి’ అనియుండిన, ఆ మాట ఉదాసీనత కాదు. ముందు జరుగబోవుదానికి సరియైన అంచనాయే.

రెండవ నిదర్శనమునకు ఈ మాట చెల్లదు. అందు చెఱువులు, సభలు కూడ నిలువలేదు. 1780 జూలైలో హైదరలీ మైసూరు నుండి కనుమలు దిగి కర్ణాటకముపై పడెను. ఆంగ్లేయ సేనాని మన్రో కంచికి చేరెను. అతనిని కలిసికొనుటకై బెయిలీ యనువాడు గుంటూరు సీమనుండి తన దళముతో దక్షిణమునకు నడచుచుండెను. ఆగస్టు 25వ తేదీన అతడు కొర్తలయేటి ఉత్తరపు గట్టున విడిసెను. ఇది మన పళ్ళిపట్టు ప్రాంతమున పైపాయలు గల కుశస్థలీనదియే. ఆనాడే దాటియుండిన దాటగలిగెడివాడు. రాత్రి ఏరు పొంగెను. సెప్టెంబరు మొదటి వారమునగాని అతడు ఆవలి గట్టు చేరలేకపోయెను. ఈలోపల టిప్పు అతని దారి కాచెను. సెప్టెంబరు 10వ తేదీన పుళ్ళలూరు వద్ద బెయిలీ దళము నాశనమయ్యెను, అతడు చెఱపడెను. మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి కోనేట పడవేయించి చెంగల్పట్టునకు మరలెను.

ఈ యోటమికి బాధ్యులెవరని ఆంగ్లేయ చరిత్రకారులు మిక్కిలి వాదించుకొనిరి. బెయిలీ ఆలస్యమా, మన్రో కదలకుండుటయా అని గ్రంథములు నింపిరి. కొర్తలయేరు వేసవిలో ఇసుకబాట. కొండలలో వాన పడిన రాత్రి మహానది. ఈ సంగతి ఆ గట్టున పుట్టిన పసులకాపరికిని తెలిసినదే. ‘ఏరు దాటుటెట్లు?’ అను పల్లెటూరి ప్రశ్న ఆనాడు ‘గెలుపెవరిది?’ అను ప్రశ్నకంటె ముందు రావలసియుండెను.

మరుసటి యేట సర్ అయిర్ కూటు సేనతో వచ్చెను. అతనిని బాధించినది శత్రువుకంటె ఆకలి. 1781 ఆగస్టున తిరుప్పాసూరు కోటను పట్టుకొనుటలో తిండిగింజల యాశ కలదు. సెప్టెంబరు 27వ తేదీన షోళింగపురము వద్ద హైదరును ఓడించెను. ఇది పొదటూరుపేటకు ఒక్క దినపు నడకలోనిదే. గెలిచిన వెంటనే అతడు శత్రువును తరుముకొని పోలేదు. గింజలకై పాళెముల లోనికి, కార్వేటినగరపు బొమ్మరాజు సీమలోనికి తిరిగెను. అంతవరకు హైదరు పక్షమున నుండిన పాళెగాండ్రు గాలి మారినదని తలచి ఆంగ్లేయుల వైపు మొగ్గిరి. అందుకు శిక్షగా హైదరు వారి యూళ్ళు తగులబెట్టుటకు ఒక దండును పంపెను. పాళెగాని ముందున్న ప్రశ్న ‘ఎవరు గెలుతురు?’ అనునది, అతని తర్కము ఒకవిధముగా ఫలించెను కూడ. కాని ఏ వైపు మొగ్గినను కాలునది రైతు గాదెయే. ఒక పక్షము గింజను కొనుటకో కొల్లగొట్టుటకో వచ్చును. ఇంకొక పక్షము అది శత్రువునకు దక్కకుండ నిప్పు పెట్టుటకు వచ్చును.

ఆ తరువాత కరవు వచ్చినది. మదరాసులో ఆకలిబాధితులకై 1782లో ఏర్పడిన గంజితొట్టి పిదప మనేగారు సత్రమని పేరుపడినది. హైదరలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు సమీపమున మరణించెను. 1784 మార్చి 11వ తేదీన మంగళూరు సంధి కుదిరెను. ఇరుపక్షములు పట్టుకొన్న తావులను మరల ఇచ్చివేసికొనిరి. దేశపటమున గీత కదలలేదు. నాలుగేండ్ల పోరునకు మిగిలినవి పాడుపడిన యూళ్ళు, గండిపడిన చెఱువులు. అరవమాటలో మిక్కిలి పాతదానిని నేటికిని హైదరలీ కాలపుదందురు. సంధి యే తేదీన జరిగినదో జనులు మరచిరి. కాలమును రెండుగా చీల్చిన బాధను మాత్రము మాటలో దాచుకొనిరి.

మూడవ నిదర్శనము దూరదేశపు యుద్ధము. ఇది మన పొరుగున జరుగలేదు గాని, దాని మూలమున సామాన్యుల తర్కమునకు క్రొత్త సాధనము చేకూరినది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1914 ఏప్రిలు 1వ తేదీన మదరాసులో ఆంధ్రపత్రికను దినపత్రికగా ప్రారంభించిరి. నాలుగు నెలలకే ఐరోపాలో యుద్ధము పుట్టెను. దూరపు యుద్ధపు వార్త తెలుగున దినదినము అందుట అపూర్వము. చదువు వచ్చినవాడొకడు చదువ, పదిమంది వినుట, విని వాదించుట పల్లెలలో నలవాటయ్యెను. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను నౌక ఎమ్డెన్ మదరాసుపై గుండ్లు పేల్చి చమురుతొట్లను కాల్చెను. జనులు పట్టణము విడిచి పారిరి. ఆ నౌక పేరు అరవభాషలో గడుసువానికి మారుపేరై నిలిచినది.

సాలెవానికి మాత్రము ఎమ్డెన్ కంటె రంగుల కరవు పెద్ద వార్త. అప్పటికి నూలునకు వేయు కృత్రిమపు రంగులు ముఖ్యముగా జర్మనీనుండి వచ్చుచుండెను. యుద్ధముతో అవి ఆగెను, ధరలు పెరిగెను, చచ్చుచున్న నీలిమందు సేద్యము కొన్నాళ్ళు బ్రతికెను. పొదటూరుపేట వంటి నేతపేటలో యుద్ధఫలితమును కొలుచు త్రాసు రంగుతొట్టియే. రెండవ ప్రపంచయుద్ధమున 1943లో గుడ్డకును నూలునకును కంట్రోలు వచ్చినపుడు నూలు కండె త్రాసయ్యెను.

స్వాతంత్ర్యానంతరము పొరుగుదేశములతో జరిగిన పోరులను ఈ త్రాసుననే తూచి చూడవచ్చును. 1962 అక్టోబరు 20వ తేదీన చీనా సేనలు దండెత్తినపుడు దేశరక్షణనిధికి స్త్రీలు నగలొలిచి యిచ్చిరి. ఒక్క నెల గడచునప్పటికి, నవంబరు 21వ తేదీన, చీనా తనంతట తానే పోరు నిలిపెను. 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధము సెప్టెంబరు 23వ తేదీన ఆగెను. 1966 జనవరి 10వ తేదీ తాష్కెంటు ఒడంబడికను బట్టి ఇరుసేనలు 1965 ఆగస్టు 5వ తేదీకి పూర్వపు తావులకు మరలినవి. మంగళూరు సంధి చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమునకొక పూట భోజనము మానుడని జనులను కోరిరి. గింజ ప్రశ్న మరల ముందునకు వచ్చెను. 1967 ఎన్నికలలో మదరాసు రాష్ట్రమున కాంగ్రెసు ఓడుటకు కారణములు పెక్కు. బియ్యపు కరవు అందొకటి.

ఇందులకు ప్రతిగా ఒక నిదర్శనమును దాచరాదు. 1971 డిసెంబరు 3వ తేదీ నుండి 16వ తేదీ వరకు జరిగిన యుద్ధము పటమును మార్చినది, బంగ్లాదేశము అవతరించినది. కావున యుద్ధమువలన ఏమియు మారదనుట సత్యము కాదు. కాని అచ్చటను ఫలితమును ముందుగా సూచించినది సేనల లెక్క కాదు. సరిహద్దు దాటి వచ్చిన సుమారు కోటిమంది శరణార్థులు. తన యూరిలో తాను బ్రతుకలేని జనసమూహము ఏ గీతనైనను నిలువనీయదు. ఇదియు ‘ఏమి మిగులును?’ అను ప్రశ్నకు జవాబే.

తుదకు మన యెల్ల సంగతి. పొరుగురాష్ట్రములైన ఆంధ్రప్రదేశ్, మదరాసుల నడుమ తిరుత్తణిని గూర్చి గట్టి తగవు నడచినది. సభలు, ఆందోళనలు, చెఱలు నుండెను. ఇరుభాషలవారి మనసులు నొచ్చినవి. పాటస్కరుగారి మధ్యవర్తిత్వము ననుసరించి 1959లో చట్టము వచ్చి, తిరుత్తణి మదరాసునకును, సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రప్రదేశమునకును చేరినవి. తక్కోలపు గీత సుమారు ఇరువదియేండ్లు నిలిచెను. హైదరు గీయ నెంచిన గీత అసలే నిలువలేదు. గ్రామములను భాషలవారీగా లెక్కించి గీచిన 1960 నాటి గీత నేటికిని నిలిచియున్నది. దాని యీవలనుండిన తెలుగువారి కది ప్రియమైనదని చెప్పను. తమ పిల్లలకు తెలుగు చదువెట్లు దక్కునను బాధ వారికి తీరలేదు. అయినను దానివలన ఏ గాదెయు కాలలేదు.

పాఠకులకొక మనవి. శాసనములను అచ్చువేయుచున్నారము, మంచిదే. 1962, 1965, 1971లలో మగ్గముల యొద్దను, కాఫీ క్లబ్బులలోను, పంచాయతీ రేడియో చుట్టును జరిగిన వాదములను విన్న పెద్దలు ఇంకను కొందరు మన నడుమ నున్నారు. వారి మాటలను, నేతపనివారి నూలు ఖాతాలను ఇప్పుడే సేకరింపనిచో, మన కాలపు యుద్ధములకు కూడ రాజుల పక్షపు శాసనములే మిగులును. గెలుపు ఓటముల లెక్క ప్రభుత్వములు వ్రాసికొనును. ఏమి మిగిలినదో వ్రాయవలసినది మనమే.