పోల్ టాక్స్ పోయింది, కోత మిగిలింది

బ్రిటన్‌లో స్థానిక పన్ను బకాయిని పేదల భృతిలోంచే కోసుకునే పద్ధతి తలపన్నుతో పాటు పుట్టింది. అంతకుముందు ఇంటి విలువను బట్టి ‘రేట్లు’ వసూలు చేసేవారు. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వాటిని ఎత్తేసి, పెద్దవాళ్లందరి మీదా తలకింత చొప్పున ‘కమ్యూనిటీ ఛార్జి’ వేసింది. స్కాట్లండ్‌లో 1989 ఏప్రిల్ 1న, ఇంగ్లండ్, వేల్స్‌లలో సరిగ్గా ఏడాది తర్వాత అది అమలుకొచ్చింది. జనం దాన్ని పోల్ టాక్స్ అన్నారు. 1381లో రైతుల తిరుగుబాటును రాజేసిన పన్ను పేరూ అదే.

ఎంత పేదవాడైనా ఎంతో కొంత కట్టాలి, అప్పుడే కౌన్సిల్ దుబారాను ఓటుతో నిలదీస్తాడన్నది సర్కారు వాదం. అందుకే ‘ఇన్‌కమ్ సపోర్ట్’ భృతి మీద బతికేవాళ్లకూ రాయితీ 80 శాతం దగ్గరే ఆగింది. మిగతా 20 శాతం కోసమని భృతిని కాస్త పెంచారు. ఆ పెంపు దేశమంతటా ఒకటే, పన్ను మాత్రం ఊరికో తీరు. పన్ను ఎక్కువున్న ఊళ్లో పేదవాడికి ఆ పెంపు ఏ మూలకూ చాలలేదు.

బకాయి రాబట్టాలంటే కౌన్సిల్ ముందు మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. స్కాట్లండ్‌లోనైతే షెరిఫ్ వారంటు. 1990 జూన్‌లో వైట్ దీవిలోని న్యూపోర్ట్ కోర్టులో వందలాది కేసులు ఒక్కసారిగా వీగిపోయాయి: నోటీసులు రెండో తరగతి తపాలాలో పంపడంతో జనానికి తగినంత గడువు మిగల్లేదట! ఉత్తర్వు చేతికొస్తే జీతంలో కోత, సామాను జప్తు, ఇంగ్లండ్‌లో మొండికేసినవాళ్లకు మూడు నెలల దాకా జైలు. భృతి మీద బతికే ఇంట్లో జప్తు చేయడానికి ఏముంటుంది? అలాంటి చోట కౌన్సిల్ సాంఘిక భద్రతా శాఖకు రాసేది; ఆ శాఖ వారం వారం భృతిలో కోసి పంపేది.

కోత 25 ఏళ్లు దాటిన ఒంటరి మనిషి భృతిలో 5 శాతం. 1990లో ఆ భృతి వారానికి 36.70 పౌండ్లు, అంటే కోత 1.80 పౌండ్ల పైచిలుకు. పాతికేళ్లు నిండనివాళ్లకు వచ్చేది 28.80 పౌండ్లే అయినా కోత మాత్రం అంతే. కొత్త ఏడాది పన్నులో 20 శాతం వాటా దీనికి అదనం. చిన్నవాడి దగ్గరే పెద్ద కోత కోసే ఈ లెక్క ఎవరి తలలో పుట్టిందో గాని, బాకీ వసూలుకు ఇంతకంటే ఖర్చు తక్కువ దారి కౌన్సిళ్లకు దొరకలేదు.

1990 నవంబరులో థాచర్ దిగిపోయారు. 1993 ఏప్రిల్ నుంచి తలపన్ను స్థానంలో కౌన్సిల్ టాక్స్ వచ్చింది. నిరుపేదలకు నూటికి నూరు శాతం రాయితీ తిరిగొచ్చినా, కోత నిబంధనలను కొత్త పన్నుకూ తగిలించారు. 2013లో కేంద్రం ఆ రాయితీ పథకాన్ని కౌన్సిళ్లకే వదిలేసి, నిధుల్లో పదో వంతు తగ్గించింది. ఇంగ్లండ్‌లో చాలా కౌన్సిళ్లు పనిచేసే వయసున్న పేదల నుంచి మళ్లీ కొంత వాటా అడగసాగాయి. బకాయిలూ, వాటి వెంటే కోతలూ తిరిగొచ్చాయి.

స్కాట్లండ్‌లో పాత తలపన్ను బాకీలు పాతికేళ్ల దాకా వెంటాడాయి. 2014 స్వాతంత్ర్య రెఫరెండం కోసం ఓటర్లుగా కొత్తగా పేరు నమోదు చేసుకున్నవాళ్లను ఆ జాబితా పట్టుకుని వెతకాలని కొన్ని కౌన్సిళ్లు చూశాయి. స్కాట్లండ్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, 2015 ఫిబ్రవరి 1 నుంచి ఆ బాకీలన్నిటినీ రద్దు చేసింది.