దక్కనోలెస్టెస్: నాస్కల్ శిలాజ క్షీరదం – వర్గీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

తెలంగాణలోని నాస్కల్ గ్రామ పరిసరాల్లో లభించిన దక్కనోలెస్టెస్ అనే అతి చిన్న క్షీరద శిలాజం భారత ఉపఖండంలో క్రిటేషియస్ యుగపు క్షీరదాలకు తొలి సాక్ష్యం. 1988లో దీనిని కీటకాహారుల వంటి ఒక ప్రాచీన కుటుంబంలో చేర్చారు. 1994లో దీని చీలమండ ఎముకలు ప్రైమేట్ల బంధువర్గాన్ని గుర్తుచేశాయి. 2011 నాటికి అది జరాయు క్షీరదాల పరిధి దాటి మరింత మూలానికి జరిగింది. ఈ మార్పులు ఎందుకు జరిగాయో, వాటినుండి గ్రహించవలసింది ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దక్కనోలెస్టెస్, నాస్కల్, శిలాజశాస్త్రం, ప్రైమేట్లు, యూఆర్కాంటా, అడాపిసోరిక్యులిడ్‌లు.

ఉపోద్ఘాతం

ఒక ప్రాంత చరిత్ర అనగానే శాసనాలు, నాణేలు, కైఫియతులు స్ఫురిస్తాయి. వాటికి ఎన్నో కోట్ల ఏళ్ళ ముందటి ఆధారాలు కూడా మన నేలలోనే ఉన్నాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం దక్కన్ ప్రాంతంలో లావా విడతలు విడతలుగా పొంగి పరచుకుంది. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ దొరికిన విరామంలో చెరువులు, మడుగులు ఏర్పడ్డాయి. వాటి అడుగున పేరుకున్న మట్టిలో చేపలు, కప్పలు, సరీసృపాలు, చిన్న క్షీరదాల అవశేషాలు నిలిచిపోయాయి. తరువాతి లావా ఆ మట్టిని కప్పి భద్రపరిచింది. నల్లరాతి పొరల నడుమ చిక్కిన ఈ అవక్షేపాలనే ఇంటర్‌ట్రాపియన్ పొరలు అంటారు. వికారాబాద్ ప్రాంతంలోని నాస్కల్ పొరలు అటువంటివి.

ఆవిష్కరణ, నామకరణం

ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల నుండి అంతకుముందే జురాసిక్ యుగపు క్షీరద దంతాలు వెలుగుచూశాయి. క్రిటేషియస్ యుగానికి సంబంధించి మాత్రం భారతదేశంలో అప్పటివరకు ఒక్క క్షీరద శిలాజమూ లేదు. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 'నేచర్' పత్రికలో ప్రకటించిన నాస్కల్ దంతాలు ఆ లోటును తీర్చాయి. వారు ఆ జీవికి 'దక్కనోలెస్టెస్ హిస్లోపై' అని పేరు పెట్టారు. మొదటి పదంలో దక్కన్ ఉంది. 'లెస్టెస్' అంటే గ్రీకు భాషలో దోపిడీదారు. రెండవ పదం 19వ శతాబ్దంలో నాగపూర్‌లో ఉంటూ ఇంటర్‌ట్రాపియన్ శిలాజాలను సేకరించిన స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లోప్ స్మారకం.

ఇటువంటి శిలాజాలు తవ్వగానే కంటబడేవి కావు. పొరల్లోని మట్టిని సేకరించి, నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద ఏరాలి. ఒక్కొక్క పన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. పుర్రె లేదు, పూర్తి అస్థిపంజరం లేదు. విడివిడి పళ్ళు, ఎముక ముక్కలు మాత్రమే పరిశోధకుని చేతికి వస్తాయి. తరువాతి వివాదానికి మూలం ఈ పరిమితిలోనే ఉంది.

1994లో నాస్కల్ నుండే 'దక్కనోలెస్టెస్ రోబస్టస్' అనే మరొక జాతిని గుర్తించారు. 2003లో హైదరాబాద్ సమీపంలోని రంగాపూర్ పొరల నుండి 'సాహ్నిథీరియం రంగాపురెన్సిస్' వెలువడింది. 2010లో మధ్యప్రదేశ్ శిలాజాల ఆధారంగా 'దక్కనోలెస్టెస్ నర్మదెన్సిస్' చేరింది. ఆ విధంగా ఒక ఊరికి పరిమితమైన ఆధారం దక్కన్ అంతటికీ విస్తరించింది.

దంతాల సాక్ష్యం, చీలమండ సాక్ష్యం

క్షీరద శిలాజాల వర్గీకరణలో చర్వణకాలకు ప్రాధాన్యం ఎక్కువ. ఎనామిల్ గట్టిది కనుక పళ్ళు బాగా నిలుస్తాయి; వాటి మొనలు, గట్లు, పల్లాల అమరిక వంశసంబంధాన్ని సూచిస్తుంది. దక్కనోలెస్టెస్ పళ్ళ మొనలు పదునైనవి, కీటకాలను చీల్చడానికి అనువైనవి. అందుచేత మొదట దానిని పేలియోరిక్టిడ్‌లు అనే ప్రాచీన కుటుంబంలో ఉంచారు.

1994లో ప్రసాద్, మార్క్ గోదినో నాస్కల్ చీలమండ ఎముకలను వివరించడంతో చర్చ మలుపు తిరిగింది. వాటి కీళ్ళ ఉపరితలాలు పాదాన్ని లోపలికి తిప్పి కొమ్మను పట్టుకోగల జంతువును సూచించాయి. అటువంటి నిర్మాణం ఆర్కాంటా వర్గాన్ని తలపించింది. 1910లో విలియం కింగ్ గ్రెగరీ ప్రతిపాదించిన ఈ వర్గంలో ప్రైమేట్లు, ఉడుతను పోలిన చెట్టుచుంచులు, చర్మపు రెక్కలతో తేలియాడే కొలుగోలు, గబ్బిలాలు ఉండేవి. తరువాత జన్యు పరిశోధనలు గబ్బిలాలను వేరుచేశాయి. మిగిలిన మూడింటికి యూఆర్కాంటా అనే పేరు స్థిరపడింది. అంటే శిలాజపు స్థానంతోపాటు, దానిని ఉంచదలచిన వర్గపు హద్దులు కూడా మారుతూ వచ్చాయి.

ఇక్కడ ఒక మౌలికమైన ప్రశ్న ఉంది. ఆ చీలమండ ఆ పళ్ళున్న జంతువుదేనని ఎలా నిర్ణయించారు? రెండూ కలిసి ఒకే అస్థిపంజరంలో దొరకలేదు. పరిమాణం సరిపోవడం, ఆ పొరలో ఆ జాతి దంతాలు ఎక్కువగా ఉండడం అనే ఆధారాలతో జతపరిచారు. ఇది సమంజసమైన ఊహయే గాని ప్రత్యక్ష సాక్ష్యం కాదు.

ప్రైమేట్ల పూర్వీకుడా?

ఉత్తర అమెరికాలోని మోంటానాలో లభించిన పర్గటోరియస్‌ను 1965లో వాన్ వాలెన్, స్లోన్ అత్యంత ప్రాచీన ప్రైమేటుగా ప్రకటించారు. దానికి చెందిన అతి ప్రాచీన దంతాలు డైనోసార్ల అంతం తరువాత కొద్ది కాలానికే చెందినవి. దక్కనోలెస్టెస్ ఆ విపత్తుకు ముందటిది. కనుక అది నిజంగా ప్రైమేట్ల బంధువే అయితే ఆ వంశవృక్షపు వేరు ద్వీపంగా ఉత్తరానికి కదులుతున్న నాటి భారత భూభాగంలో ఉండి ఉండాలి. ఇది చిన్న ప్రతిపాదన కాదు.

2010లో డగ్లస్ బోయర్ తదితరులు ఒక భుజాస్థి ముక్కను, రెండు అరత్ని ముక్కలను వివరించి, చెట్టెక్కే స్వభావాన్ని సమర్థించి, దక్కనోలెస్టెస్‌ను యూఆర్కాంటా మూలానికి దగ్గరగా ఉంచారు. అదే కాలంలో దీని దంతాలకు యూరప్, ఆఫ్రికా పేలియోసీన్ శిలాజాలైన అడాపిసోరిక్యులిడ్‌ల దంతాలతో సన్నిహితమైన పోలిక ఉన్నట్లు స్పష్టమైంది.

2011లో అంజలి గోస్వామి, ప్రసాద్ తదితరులు మెరుగైన పలు నమూనాలను చేర్చి, అంతకుముందు బంధువులుగా భావించిన ప్రతి వర్గాన్నీ ఒకే విశ్లేషణలోకి తెచ్చారు. అడాపిసోరిక్యులిడ్‌లతో బంధుత్వం బలపడింది. ప్రైమేట్లతో గాని, మరే జరాయు క్షీరద వర్గంతో గాని సన్నిహిత సంబంధం తేలలేదు. జరాయు క్షీరదాలు శాఖలుగా విడిపోకముందే వేరైన యూథీరియన్ శాఖగా దక్కనోలెస్టెస్ నిలిచింది. ఈ స్థానాన్ని అంగీకరిస్తే ఆ శాఖకు 3 నుండి 4.5 కోట్ల ఏళ్ళ మేరకు శిలాజాలు దొరకని పూర్వచరిత్ర ఉన్నట్లవుతుంది.

పోలిక – బంధుత్వం

చీలమండ పోలిక అబద్ధం కాదు. దానినుండి తీసిన నిర్ధారణ మారింది. చెట్టెక్కే జంతువులకు ఒకే అవసరం ఒకే విధమైన కీళ్ళను ఇవ్వగలదు. లేదా ఆ లక్షణం ఆదిమ యూథీరియన్లందరిలోనూ ఉండి, ప్రైమేట్లు దానిని నిలుపుకొని ఉండవచ్చు. తాతల నాటి లక్షణం ఇద్దరిలో ఉన్నంత మాత్రాన వారు అన్నదమ్ములని చెప్పలేము. బంధుత్వాన్ని నిరూపించేది ఇద్దరూ కలిసి కొత్తగా పొందిన లక్షణమే.

ఉపఖండానికి ఈ పాఠం కొత్తది కాదు. శివాలిక్ కొండల దవడ ముక్క ఆధారంగా 1934లో పేరు పొందిన రామాపిథెకస్‌ను చాలాకాలం మానవ పూర్వీకునిగా బోధించారు. పొత్వార్ పీఠభూమిలో లభించి 1982లో ప్రచురితమైన శివాపిథెకస్ ముఖభాగం ఆ శాఖ ఒరాంగుటాన్ వైపుదని చూపింది. దవడ ముక్క చెప్పలేనిది ముఖం చెప్పింది.

ముగింపు

మానవుని మూలాలు మన ఊరిలోనే ఉన్నాయనే వాక్యం వినడానికి ఇంపుగా ఉంటుంది. నాస్కల్ శిలాజం ఆ వాక్యాన్ని సమర్థించదు. అయితే దాని విలువ అందువల్ల తగ్గదు. యూథీరియన్ క్షీరదాలు మొదటినుండే చెట్లెక్కేవన్న ఊహకు అది బలమిచ్చింది. భారత, ఆఫ్రికా, యూరప్ భూభాగాల మధ్య జంతువుల రాకపోకలు సాగాయని సూచించింది. జరాయు క్షీరదాల పుట్టుకను జన్యు గణనలు క్రిటేషియస్‌లోకి తీసుకుపోతుండగా, శిలాజాలు ఆ కాలానికి అందడం లేదన్న అంతరాన్ని మరింత స్పష్టం చేసింది. ఈ మూడు ఫలితాలూ నాస్కల్ మట్టిని జల్లెడ పట్టడంతో మొదలైనవే. పళ్ళు, చీలమండ కలిసి ఉన్న ఒక్క అస్థిపంజరం దొరికితే ఈ వర్గీకరణ మళ్ళీ మారవచ్చు. కాబట్టి ఆ పొరలను క్వారీలకు, నిర్మాణాలకు పోగొట్టుకోకుండా కాపాడుకోవడం శాసనాలను కాపాడుకోవడమంతటి చరిత్ర కర్తవ్యం.