ఒక్క గదిలో విశ్వవిద్యాలయం

రాయపూర్ నుంచి భిలాయి వైపు పోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద టాటీబంధ్ అని ఒక పేట ఉంది. ఇవాళ ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఎయిమ్స్. 2012లో అక్కడ ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయ్యాయి. భవనాలు కళ్ల ముందున్నాయి, రోగులున్నారు, పాఠం చెప్పే డాక్టర్లున్నారు. అనుమానం ఉన్నవాడు వెళ్లి చూసుకోవచ్చు. సరిగ్గా పదేళ్లు వెనక్కి వెళితే ఇదే ఊరు రాజధానిగా ఉన్న రాష్ట్రంలో దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం నడిచింది. చట్టం ఉంది, గెజిట్ ఉంది, యూనివర్సిటీ పేరుంది. లేనిదల్లా యూనివర్సిటీయే.

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అజిత్ జోగి ముఖ్యమంత్రిగా ఉండగా 2002లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేశారు. అందులో 5వ సెక్షను చాలా సులువైనది. ప్రభుత్వం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ వేస్తే చాలు, యూనివర్సిటీ పుట్టినట్టే. ముందు స్థలం, లైబ్రరీ, అధ్యాపకులు ఉండాలన్న పట్టింపు లేదు. ఇక 6వ సెక్షను ప్రభుత్వం ఒప్పుకుంటే కాలేజీలను అనుబంధం చేసుకోవచ్చు, ఒకటికి మించి క్యాంపస్‌లు పెట్టుకోవచ్చు అంది. దాంతో ఏడాది కాలంలో 112 యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. వానాకాలంలో పుట్టగొడుగులు కూడా ఇంత తొందరపడవు. వీటిలో చాలావాటికి భవనం లేదనీ, ఒక్క గదిలో నడుస్తున్నాయనీ తర్వాత సుప్రీంకోర్టు తన తీర్పులోనే రాసింది.

దీని మీద కోర్టుకెక్కినవారు ప్రొఫెసర్ యశ్‌పాల్. కాస్మిక్ కిరణాల మీద పనిచేసిన శాస్త్రవేత్త, 1986 నుంచి 1991 దాకా యూజీసీ ఛైర్మన్. దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' చూసిన తరానికి ఆ తెల్లజుట్టు, ఆ ఓపిక గుర్తుండే ఉంటాయి. పిల్లలు ఏ ప్రశ్న అడిగినా విసుక్కోని మనిషి. ఆయన ఈసారి అడిగింది కూడా పిల్లవాడు అడగదగ్గ ప్రశ్నే: యూనివర్సిటీ అంటే ఏమిటి?

2005 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి లాహోటీ ధర్మాసనం 5, 6 సెక్షన్లను కొట్టేసింది. వాటి కింద పుట్టిన యూనివర్సిటీలన్నీ ఆ రోజుతో లేకుండా పోయాయి. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాష్ట్రానిదే అయినా, ఉన్నత విద్య ప్రమాణాల బాధ్యత రాజ్యాంగం కేంద్రానికి అప్పగించిందని కోర్టు గుర్తు చేసింది. బోధన సౌకర్యమే లేని చోట కాగితం మీద విశ్వవిద్యాలయం పెట్టి డిగ్రీలిచ్చే హక్కు కట్టబెట్టడం కుదరదని తేల్చింది. అప్పటికే చేరిన విద్యార్థుల కోసం, నిజంగా నడుస్తున్న సంస్థలను రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలకు అనుబంధం చేసే ఏర్పాటు చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఉత్త గదిలో చేరినవాడి సంగతి ఏమిటన్నది మాత్రం మిగిలిపోయిన ప్రశ్న. తర్వాత 2005లోనే ఛత్తీస్‌గఢ్ మరో చట్టం చేసుకుంది.

ఇక్కడ మన హేతువాదులు ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. 2003లో ఒక తండ్రి కొడుకును ఆ 112లో ఒకదానిలో చేర్చేముందు జాగ్రత్తగా వాకబు చేశాడనుకుందాం. యూజీసీ చట్టం (1956) 22వ సెక్షను ప్రకారం, రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వవచ్చు. గెజిట్ తెప్పించి చూస్తే అందులో పేరుంది. అంటే కాగితాల పరీక్షలో అది నెగ్గింది! ఆ తండ్రి అమాయకుడు కాడు. రైలెక్కి వెళ్లి ఆ గది తలుపు తట్టి ఉంటే మాత్రం ఐదు నిమిషాల్లో నిజం తెలిసేది.

మన తెలుగు పిల్లల కథా ఇదే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. వీసా పత్రాలిచ్చే అనుమతి దానికి అమెరికా ప్రభుత్వమే ఇచ్చింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విడ్డూరం. అక్రమ వలసదారులను పట్టుకోవడానికి ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన బూటకపు సంస్థ అది. 2019 జనవరి చివర అరెస్టులయ్యేదాకా ఒక అక్రెడిటేషన్ సంస్థ జాబితాలో దాని పేరు ఉంది. తరగతులు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. జాబితా చూసి నమ్మామని విద్యార్థులన్నారు. ఇద్దరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కాదు నాకు.

జాబితాలు చూడొద్దని కాదు. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా తప్పక చూడాలి. 2023 జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు ఉన్నాయి, ఒకటి గుంటూరుది, ఇంకోటి విశాఖపట్నానిది. ఇంజనీరింగ్ అయితే ఏఐసీటీఈ అనుమతి ఏ కోర్సుకు, ఏ ఏడాదికి ఉందో చూడాలి. గుర్తింపు వేరు, నాక్ గ్రేడు వేరు. గ్రేడుకు గడువుంటుంది, ఎప్పటిదో చూడకుండా బోర్డు మీద అక్షరం చూసి మురిసిపోతే లాభం లేదు. ఆ అక్షరం కూడా ఎలా వచ్చిందో? 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి మంచి గ్రేడు కోసం లంచం ముట్టిందన్న ఆరోపణపై సీబీఐ నాక్ తనిఖీ బృందం సభ్యులతో సహా 10 మందిని అరెస్టు చేసింది.

ఇంకో ముచ్చట. యూజీసీ 2001లో యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెట్టమంటే, మన హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకు వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అంటే ఒక్క గదిలో చెప్పిన రసాయనశాస్త్రం చెల్లదు, వంద ఎకరాల క్యాంపస్‌లో చెప్పిన జాతకం చెల్లుతుంది. ఈ రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జి.పి. మాథుర్.

అన్నట్టు, అర్హత లేకుండా డిగ్రీలిచ్చినవాడికి, యూనివర్సిటీ అని పేరు పెట్టుకున్నవాడికి 1956 చట్టం రాసిన గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు.